తీసేసే ముందు చూపించమను

జూన్ వచ్చిందంటే కడప ఏడురోడ్ల చుట్టుపక్కల, కర్నూలు రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటర్లలో నిలబడ్డానికి చోటుండదు. మెమోలు, కుల ధ్రువపత్రాలు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని పిల్లలు, వాళ్ల వెనక పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయిస్తుంది. "అన్నా, డ్రైవ్ ఎర్రగా అయిపాయ. స్కాన్ సేవ్ కాలేదు" అంటాడు కుర్రాడు. జిరాక్స్ మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే "పాతవి ఏవన్నా కొన్ని తీసెయ్ అబ్బీ" అంటాడు యజమాని. కుర్రాడు తనకు గుర్తులేని నాలుగు ఫోల్డర్లు ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి కొడతాడు. క్యూ కదులుతుంది.

ఆ నాలుగు ఫోల్డర్లలో ఏముందో ఎవరూ చూడలేదు. నిరుడు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టిన అమ్మాయి రసీదు ఉండొచ్చు. ఏదో బట్టల కొట్టువాళ్ల మూడేళ్ల బిల్లులు ఉండొచ్చు. ఏమీ లేకపోవచ్చు కూడా. డిస్కు నిండడం సహజం, ఖాళీ చేయడం అవసరం. కానీ చూడకుండా ఖాళీ చేసే అలవాటు ఒకసారి చేతికి పట్టిందంటే, ఆ చెయ్యి రేపు ఆఫీసు సర్వర్ మీద కూడా అదే పని చేస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో నేను పదే పదే చెప్పేది ఒక్కటే. తీసేయమని కంప్యూటర్‌కు చెప్పేముందు, ఏమేం పోతాయో చూపించమని అడగండి.

ఇలా అడగడానికి కమాండ్ లైన్‌ను మించిన సాధనం నాకు తెలియదు. మౌస్‌తో తెరిస్తే ఒకసారికి ఒక ఫోల్డరే కనిపిస్తుంది. టెర్మినల్ డిస్కు మొత్తాన్ని గాలించి, మీరు అడిగిన లక్షణాలున్న ఫైళ్లన్నిటినీ ఒకే జాబితాగా మీ ముందు పెడుతుంది. ఆ జాబితాను దాచుకోవచ్చు, ప్రింటు తీసి యజమానికి చూపించవచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో 2008 నుంచీ పదో తరగతి అయిన పల్లె పిల్లలు చేరుతున్నారు. కర్నూలు జగన్నాథగట్టు మీదున్న ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో మొదలైంది. అలాంటి చోట్ల చేరిన పిల్లలకు ఆ నల్ల తెర మొదటి నెలల్లో బెదురు పుట్టిస్తుంది. అక్షరం తప్పితే ఏమైపోతుందోనన్న ఆ బెదురు మంచిదే. దాన్ని పోగొట్టుకోకుండా పని నేర్చుకోవాలి.

ఈ పుస్తకంలో కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో అచ్చువేశాం. కీబోర్డు మీద కొట్టేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాలే. చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ తేడా ఉందని మరిచిపోకండి. ఎక్కడ పెద్ద అక్షరం వాడాలో అక్కడ చెబుతాను.

బరువు ఎక్కడుంది?

ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ డిస్కు ఎంత నిండింది? ఏ ఫోల్డర్ ఎంత తింటోంది? లినక్స్‌లో మొదటిదానికి డిఎఫ్, రెండోదానికి డియు.

డిఎఫ్ -హెచ్

డియు -హెచ్‌డి1 . | సార్ట్ -హెచ్

రెండో వరుసలోని చుక్క "నేనిప్పుడు ఉన్న ఫోల్డర్" అన్న గుర్తు. ఫలితంలో చిన్నవి పైన, పెద్దవి కింద వస్తాయి. కాబట్టి చివరి మూడు నాలుగు వరుసలు చూస్తే చాలు. సాధారణంగా స్థలాన్ని మింగేవి వేలకొద్దీ ఉన్న చిన్న పత్రాలు కావు. ఎవరిదో ఫోన్ మొత్తం ఎక్కించిన బ్యాకప్, పెళ్లి వీడియో, రెండుసార్లు దింపిన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, ఇలాంటివి పదో పదిహేనో ఉంటాయి. ఒక పేజీ ఆధార్ స్కాన్ ఒక ఎంబీ కూడా ఉండకపోవచ్చు. అలాంటివి వంద తీసేసినా మిగిలేది ఒక చిన్న వీడియో అంత చోటు. అంటే తొందరలో అందరూ మొదట తీసేసే పత్రాలే మనుషులకు ఎక్కువ పనికొచ్చేవి, డిస్కుకు తక్కువ బరువైనవి. నిజంగా చోటు కావాలంటే ముందు వీడియోల మీదికి వెళ్లండి.

ఇక వెతకడం. దానికి ఫైండ్.

ఫైండ్ . -టైప్ ఎఫ్ -సైజ్ +500ఎం

ఈ ఫోల్డర్‌లోనూ దీని కింది ఫోల్డర్లన్నిటిలోనూ 500 ఎంబీకి మించిన ఫైళ్లు చూపించు అని అర్థం. చివరి ఎం పెద్ద అక్షరం. టైప్ ఎఫ్ అంటే ఫోల్డర్లు వద్దు, ఫైళ్లే కావాలని. దీనికి -ఎంటైమ్ +365 అని చేరిస్తే ఏడాదికి పైబడి మార్పు లేని పెద్ద ఫైళ్లే మిగులుతాయి. -ఐనేమ్ '*.ఎంపి4' అని చేరిస్తే వీడియోలే మిగులుతాయి. నక్షత్రం గుర్తున్న మాటను ఒంటి కోట్లలో పెట్టడం మరవద్దు. కోట్లు లేకపోతే ఫైండ్‌కు చేరకముందే షెల్, అంటే మనం కొట్టిన వరుసను చదివి నడిపించే ప్రోగ్రామ్, ఆ నక్షత్రాన్ని తానే విప్పేసి, మీరు అడగని ప్రశ్నను ఫైండ్‌కు అందిస్తుంది.

తేదీల దగ్గర కాస్త ఆగాలి. ఎంటైమ్ చెప్పేది ఫైలును చివరిసారి మార్చిన రోజు. చివరిసారి తెరిచి చూసిన రోజు కాదు. 2019లో స్కాన్ చేసిన పట్టాదారు పాసుబుక్కును ఆ తర్వాత ఎవరూ మార్చరు, మార్చకూడదు కూడా. కదిలించకుండా ఉంచాల్సిన కాగితమే తేదీల లెక్కలో అన్నిటికంటే పాతదిగా తేలుతుంది. పాతది కాబట్టి పనికిరానిది అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. ఇంకొకటి, మన చిన్న ఊళ్లలో పదేళ్లు దాటిన కంప్యూటర్లు చాలా నడుస్తున్నాయి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. నెట్ కలిసి తేదీ సరిపడేలోగా చేసిన స్కాన్లన్నీ ఆ పాత తేదీతోనే నమోదవుతాయి. ఆ మిషన్‌లో "అయిదేళ్ల కిందటివి చూపించు" అంటే నిన్నటి ఫైళ్లు కూడా వరుసలో నిలబడతాయి. అందుకే జాబితా వచ్చాక పేర్లు చదవాలి, అనుమానం వస్తే ఫైలు తెరిచి చూడాలి. ఈ పని కంప్యూటర్ చేసిపెట్టదు.

ఫైండ్‌కే -డిలీట్ అన్న మాట ఉంది. చూపించిన జాబితా నచ్చితే అదే వరుసను పై బాణం కీతో వెనక్కి రప్పించి, చివర -డిలీట్ చేర్చితే అవే ఫైళ్లు పోతాయి. చివరే చేర్చాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి ఒక్కో షరతునూ చూసుకుంటూ పోతుంది. -డిలీట్‌ను ముందు రాసి షరతులు తర్వాత రాస్తే, షరతులు చూడకముందే తీసేయడం మొదలుపెడుతుంది. మాటలు అవే, వరుస మారితే ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోతుంది. కాబట్టి కొత్తగా వరుస కొట్టేటప్పుడు ఆ మాటను అసలు రాయకండి. జాబితా చూశాకే చేర్చండి.

క్యోటోలో పోయిన మూడు కోట్ల నలభై లక్షల ఫైళ్లు

పెద్ద చదువులు చదివినవాళ్లకు ఇలాంటివి జరగవనుకుంటే పొరపాటు. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్ నుంచి 77 టెరాబైట్ల పరిశోధన సమాచారం పోయింది. సుమారు 3.4 కోట్ల ఫైళ్లు. దెబ్బతిన్నవి 14 పరిశోధన బృందాలు. వాటిలో నాలుగు బృందాల సమాచారం బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. జరిగిన పని ఏమిటంటే, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను ఫైండ్‌తో వెతికి తీసేయడం. మనం ఇప్పుడు నేర్చుకుంటున్నదే. ఆ వ్యవస్థను సరఫరా చేసిన హెచ్‌పీఈ వాళ్లు ఈ పని చేసే స్క్రిప్టును, అంటే కమాండ్లు వరుసగా రాసిపెట్టిన ఫైలును, మెరుగుపరచి, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద కొత్తదాన్ని ఉంచారు. షెల్ స్క్రిప్టును కొంచెం కొంచెంగా చదువుకుంటూ నడుస్తుంది. సగంలో ఫైలు మారిపోయేసరికి, ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే వేరియబుల్ ఖాళీగా మిగిలింది. లాగ్ ఫోల్డర్‌లో జరగాల్సిన పని పరిశోధకుల ఫైళ్ల మీద జరిగింది.

అంతకు ముందు 2015లో ఆటల ప్రోగ్రామ్ స్టీమ్‌కు లినక్స్‌లో ఇలాగే అయింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ అయి, దాని వెనక ఉన్న గీత మాత్రం మిగిలింది. ఆ గీతకు డిస్కు మొదలు అని అర్థం. కొందరి సొంత ఫైళ్లన్నీ పోయాయి. 2011లో బంబుల్‌బీ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, తీసేయాల్సిన ఫోల్డర్ దారి మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువ పడింది. దారి రెండు ముక్కలైంది. మొదటి ముక్క యుఎస్ఆర్, సిస్టమ్ ప్రోగ్రాములు ఉండే ఫోల్డర్. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల యుఎస్ఆర్ మొత్తం పోయింది.

ఈ మూడు స్క్రిప్టులనూ తెలిసినవాళ్లే రాశారు. అందుకే స్క్రిప్టు రాసే స్థాయికి వచ్చిన విద్యార్థులకు నా కోరిక: స్క్రిప్టు మొదటి వరుసల్లో సెట్ -యు అని రాయండి. విలువ ఇవ్వని వేరియబుల్ ఎదురైతే షెల్ అక్కడే ఆగిపోతుంది. ఫోల్డర్ పేర్లను జంట కోట్లలో పెట్టండి. కొత్త స్క్రిప్టుకు మొదటి వారం తీసేసే హక్కు ఇవ్వకండి. జాబితా రాసిపెట్టే పని మాత్రమే అప్పగించి, రోజూ ఆ జాబితా చదవండి.

ఎదురుగా కూర్చుని చేతితో కొట్టేవాళ్లకు ఆర్ఎం ఉంది. 1971లో యూనిక్స్ మొదటి ఎడిషన్‌తోనే వచ్చిన కమాండ్ ఇది, రెండక్షరాలు. పేరు చెబితే అడగకుండా తీసేస్తుంది. రీసైకిల్ బిన్ ఉండదు. -ఐ చేరిస్తే ఒక్కో ఫైలుకూ అడుగుతుంది. అదే ఐ పెద్ద అక్షరమైతే మూడుకు మించి ఫైళ్లున్నప్పుడో, ఫోల్డర్ మొత్తం తీసేస్తున్నప్పుడో ఒక్కసారి అడుగుతుంది. నేను పెద్ద ఐ వైపే. రెండు వందల ఫైళ్లకు రెండు వందలసార్లు అడిగితే, పదోదాని తర్వాత వేలు చదవకుండానే అవును కొడుతుంది. ఆర్ఎం -ఆర్ఎఫ్ అని కలిపి కొట్టే అలవాటు మాత్రం చేసుకోవద్దు. ఎఫ్ అంటే ఏమీ అడగొద్దు, ఏ అభ్యంతరమూ చెప్పొద్దు అని. ఎప్పుడో అరుదుగా దానితో అవసరం పడుతుంది. రోజువారీ పనికి అది అక్కర్లేదు.

పక్కన పెట్టడం

తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడ్డాక వజ్రాల కోసం గాలించేవాళ్లు, మెరిసిన రాయిని అక్కడికక్కడే తేల్చెయ్యరు. దాచుకుని, తెలిసినవాళ్లకు చూపించాకే పారేస్తారు. అనుమానమున్న ఫైలు దగ్గర కూడా ఆ ఓపిక కావాలి. ఎంవి కమాండ్‌తో దాన్ని వేరే చోటికి మార్చి, ఆ ఫోల్డర్‌కు ఆనాటి తేదీ పేరుగా పెట్టండి. ఒక మెలిక ఉంది. అదే డిస్కులో ఇంకో ఫోల్డర్‌లోకి మారిస్తే ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. మారేది చిరునామా మాత్రమే. చోటు కావాలంటే బయటి హార్డ్ డిస్కుకు తరలించాలి. అందుకని కొట్టుకో ఆఫీసుకో ఒక బయటి డిస్కు కొనమని గట్టిగా చెబుతాను. ఆ డబ్బు ఒక్క పోయిన రికార్డు వెతుక్కునే శ్రమతో పోలిస్తే తక్కువే.

ఎంతకాలం ఉంచాలి? విద్యార్థుల పత్రాలైతే ఆ ఏడాది అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు పూర్తయ్యేదాకా. రైతుల 1బి, అడంగల్, పంట బీమా కాగితాలైతే పరిహారం చేతికందేదాకా. కరువు సీమలో ఒక ఖరీఫ్ బీమా లెక్క తేలడానికి ఇంకో ఖరీఫ్ రావచ్చు. డిస్కు అవసరాన్ని బట్టి కాకుండా, ఆ కాగితంతో మనిషికున్న అవసరాన్ని బట్టి గడువు పెట్టాలి.

లినక్స్‌లో ఆర్ఎంకు బదులు జిఐఓ ట్రాష్ అని కొడితే ఫైలు చెత్తబుట్టలోకి వెళ్తుంది, తిరిగి తెచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఇలా తీసేస్తే ఆ బుట్ట పెన్‌డ్రైవ్‌లోనే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్‌గా ఉండిపోతుంది. "అన్నీ తీసేశా, అయినా ఫుల్ అంటోంది" అని చాలామంది చెప్పేది ఇందువల్లే. ఎల్ఎస్ -ఎ కొడితే ఆ ఫోల్డర్ బయటపడుతుంది.

విండోస్‌లో పనిచేసేవాళ్లు మనలో ఎక్కువ, వాళ్లకు రెండు మాటలు. అక్కడ డెల్ కమాండ్‌తో తీసేసినవి రీసైకిల్ బిన్‌కు వెళ్లవు. షిఫ్ట్, డిలీట్ కలిపి కొట్టినా అంతే. పవర్‌షెల్ తెరిచి వాడితే రిమూవ్-ఐటెమ్ అనే కమాండ్ ఉంది. దాని చివర -వాట్ఇఫ్ అని చేర్చండి. ఏదీ తీసేయకుండా, తీసేస్తే ఏవేవి పోతాయో చూపిస్తుంది. ఈ అధ్యాయం సారాంశమంతా ఆ ఒక్క మాటలో అమర్చి ఇచ్చారు. చేతిలో ఉన్న సాధనంలో వెసులుబాటు ఉండగా వాడకపోవడం అన్యాయం.

ఒకే పేరు, వేరు ఫైళ్లు

నకళ్లు తీసేయడం చోటు మిగుల్చుకోవడానికి మంచి మార్గం. తప్పు చేయడానికి కూడా అంతే మంచి మార్గం. డీటీపీ కొట్లలో శుభలేఖ ఫైళ్ల పేర్లు చూడండి. ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్, ఫైనల్ కరెక్షన్. వాటిలో అచ్చుకెళ్లింది ఏది? పేరు చెప్పదు.

ఈ సమస్యతో కడపలో ఒకాయన ఏళ్ల తరబడి కూర్చున్నాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, తాళపత్ర ప్రతులు సేకరించి సరిచూయించాడు. వేమన పద్యాల ప్రతులు ఒకదానితో ఒకటి కలవవు. ఒకదానిలో ఉన్న పద్యం ఇంకోదానిలో ఉండదు, ఉన్నా పాఠం మారుతుంది. ఆయన చేయించిన పని వాటిని పక్కపక్కన పెట్టి, మాట మాటా సరిచూసి, శుద్ధప్రతి రాయించడం. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. పదేళ్ల తర్వాత 1839లో మరిన్ని పద్యాలతో ఇంకో కూర్పు తెచ్చాడు. మొదటి కూర్పు అయిపోయింది కదా అని ప్రతులు పారేసి ఉంటే రెండోది ఎక్కడిది? ఆయన బంగళా ఉన్నచోటే ఇవాళ కడపలో బ్రౌన్ గ్రంథాలయం నిలిచింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన గ్రంథాలయం అది. కడప వెళ్లినప్పుడు తప్పక చూడండి.

మన దగ్గర సరిచూసే పండితుడు ఎస్‌హెచ్ఎ256సమ్ అనే కమాండ్. ఫైలు లోపలి ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని 64 అక్షరాల సంఖ్య ఒకటి ఇస్తుంది. రెండు ఫైళ్ల సంఖ్యలు ఒకటైతే, పేర్లు ఎంత వేరైనా లోపలి సరుకు ఒకటే అనుకోవచ్చు. ఒక్క కామా తేడా ఉన్నా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఎఫ్‌డూప్స్ -ఆర్ అని కొట్టి ఫోల్డర్ పేరు ఇస్తే, నకళ్లను గుంపులు గుంపులుగా చూపిస్తుంది. దానికీ తీసేసే స్విచ్ ఉంది, అది -డి. ముందు అది లేకుండానే నడపండి. ఇంకో సంగతి, ఒకే ఫోటోను వాట్సాప్‌లో పంపించుకుని మళ్లీ దింపుకుంటే అది కుదించిన ప్రతి. కంటికి ఒకటే, బైట్లలో వేరు. ఈ కమాండ్లు దాన్ని నకలుగా పట్టవు. అలాంటప్పుడు సైజు చూసి, పెద్దదాన్ని ఉంచుకోండి.

తెలుగువాళ్లకే ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి. ఒకటి, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు. తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. గ్రెప్ కమాండ్‌తో "నంద్యాల" అనే మాట ఉన్న ఫైళ్లు చూపించమంటే, అందులో నంద్యాల వందసార్లు ఉన్నా ఒక్కటీ దొరకదు. "వెతికితే ఏమీ రాలేదు, కాబట్టి పనికొచ్చేది ఏమీ లేదు" అని ఆ ఫోల్డర్ తీసేయడం ఘోరం. జిల్లా చిన్న పత్రికలు, ఊరి చరిత్ర పుస్తకాలు, గుడి కరపత్రాలు ఎన్నో ఆ రూపంలోనే ఉన్నాయి. అచ్చు ప్రతి చెదలు తినేస్తే మిగిలేది ఆ ఫైలే. పేజ్‌మేకర్ ఫైళ్లను మాత్రం తెరిచి చూడకుండా ముట్టుకోవద్దని వేడుకుంటున్నాను. వీలైతే ఒక్కోదాన్నీ పీడీఎఫ్‌గా కూడా దాచండి.

రెండోది తెలుగు పేర్లున్న ఫైళ్లు. కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి, పేరు కొట్టడం కుదరదు. ఎల్ఎస్ -ఐ కొడితే ప్రతి ఫైలు ముందూ ఒక అంకె వస్తుంది, దాన్ని ఐనోడ్ నంబర్ అంటారు. ఫైండ్ . -ఐనమ్ అని ఆ అంకె రాస్తే ఆ ఒక్క ఫైలే చూపిస్తుంది. అదేనని రూఢి అయ్యాక చివర -డిలీట్ చేర్చండి. పేర్లలో ఖాళీలుంటే కూడా జాగ్రత్త. "రేషన్ కార్డు" అనే ఫైలును కోట్లు లేకుండా రాస్తే ఆర్ఎం దాన్ని రేషన్ ఒకటి, కార్డు ఒకటి అనుకుంటుంది.

తుంగభద్ర వచ్చిన రోజు

2009 అక్టోబర్ 2న కర్నూలు నీట మునిగింది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేశాయి. కరువుకు అలవాటుపడిన ఊరు అది, నీళ్లు ఇళ్లమీదికి వస్తాయని ఎవరూ అనుకోలేదు. ఇళ్లూ కొట్లూ ఆఫీసులూ బురదలో కూరుకుపోయాయి. కంప్యూటర్, దాని పక్కనే అరలో బ్యాకప్ డిస్కు ఉన్న చోట ఆ రెండూ ఒకే నీళ్లలో నానాయి.

నీళ్లు రాకపోయినా ఒకే చోటి బ్యాకప్‌ను నమ్ముకోలేం. పిక్సార్ సంస్థలో 1998లో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లను ఎవరో ఆర్ఎంతో తీసేసినప్పుడు, బ్యాకప్‌లు చూస్తే అవి సరిగా పనిచేయడం లేదు. సినిమాను కాపాడింది గాలిన్ సుస్మాన్ ఇంట్లో ఉన్న ప్రతి. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేయడానికి ఆమె ఒక కాపీ పెట్టుకుంది. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీర్ తప్పు సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ తీసేశాడు. సుమారు 300 జీబీ. వెంటనే ఆపినా మిగిలింది అయిదు జీబీ కూడా లేదు. వాళ్ల దగ్గరున్న బ్యాకప్ పద్ధతులేవీ సరిగా ఆదుకోలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతితో గట్టెక్కారు.

కాబట్టి పెద్ద శుభ్రతకు దిగేముందు ఒక ప్రతి మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్లో ఉండేలా చూసుకోండి. కర్నూల్లో కొట్టు ఉంటే డోన్‌లో బావమరిది ఇంట్లో ఒక డిస్కు. కడపలో ఉంటే రాయచోటిలో అక్క ఇంట్లో ఒకటి. ఆ డిస్కు నుంచి ఏదో ఒక ఫైలు తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. కమాండ్ కొట్టేముందు హోస్ట్‌నేమ్, పిడబ్ల్యుడి కొట్టి ఏ మిషన్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చూసుకోండి. రాత్రి కొట్టు కట్టేసే వేళ ఈ పని పెట్టుకోవద్దు. క్యూ ఉన్నప్పుడు అసలే వద్దు. పొద్దున్నే, ఎండ ముదరకముందు, తలకాయ చల్లగా ఉన్నప్పుడు కూర్చోండి.

పోయింది ఎక్కడికి పోతుంది?

ఆర్ఎం కొట్టగానే పోయేది ఫైలు పేరు. లోపలి సమాచారం డిస్కు మీద అలాగే ఉంటుంది, ఆ చోటు ఖాళీ అన్న గుర్తు మాత్రం పడుతుంది. కొత్తది వచ్చి దాని మీద రాసేదాకా పాతది ఉంటుంది. అందుకే తప్పు ఫైలు తీసేశామని తెలిసిన క్షణాన ఇంకేమీ చేయకూడదు. ఆ డిస్కులో కొత్తగా ఏదీ సేవ్ చేయవద్దు, రికవరీ ప్రోగ్రామ్‌ను కూడా అదే డిస్కులోకి దింపవద్దు. మిషన్ ఆపేసి, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో వెతకాలి. ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఖాళీ అయిన చోట్లను ట్రిమ్ అనే ప్రక్రియ డిస్కుకు తెలియజేస్తుంది, ఆ తర్వాత అవి దొరకడం కష్టం.

ఫైలు తీసేసినా డిఎఫ్ చోటు పెరగలేదని చూపిస్తే, ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉందన్నమాట. ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 అని కొడితే ఏది పట్టుకుందో తెలుస్తుంది. అక్కడ ఎల్ పెద్ద అక్షరం. ఆ ప్రోగ్రామ్‌ను మూసేస్తే చోటు వస్తుంది.

తీసేసినా మిగిలి ఉంటుందన్న ఈ సంగతికి ఇంకో వైపు ఉంది. నెట్ సెంటర్ హార్డ్ డిస్కులో ఊరందరి ఆధార్‌లు, బ్యాంకు పాసుబుక్కులు, సంతకాలు ఉంటాయి. పాత కంప్యూటర్‌ను అన్నీ డిలీట్ చేశామనుకుని అమ్మేస్తే, కొన్నవాడు అదే ఫోటోరెక్‌తో వాటిని బయటికి తీయగలడు. తిరిగే హార్డ్ డిస్కునైతే ష్రెడ్ కమాండ్‌తో డిస్కు మొత్తం మీద తిరగరాసి ఇవ్వండి. ఎస్ఎస్‌డీకి ష్రెడ్ నమ్మదగినది కాదు, తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అన్నిటికన్నా మేలైనది మొదటి రోజే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం. లినక్స్‌లో లక్స్, విండోస్‌లో బిట్‌లాకర్ ఆ పనికే ఉన్నాయి. అప్పుడు తాళంచెవి పోతే లోపలిది ఎవరికీ అక్కరకు రాదు. కాబట్టి ఆ చెవిని కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి.

స్కాన్లకు రోజుకో ఫోల్డర్ పెట్టండి, పేరు ఆ రోజు తేదీ. పని అయిపోయి డబ్బులిస్తున్నప్పుడే మనిషిని అడగండి: "అక్కా, ఈ కాగితాలు మిషన్‌లో ఉంచమంటావా, తీసేయమంటావా?" తీసేయమంటే ఆమె చూస్తుండగానే తీసేయండి. "ఉండనీ నాయనా, వారంలో మళ్లొస్తా" అంటే ఆమె పేరుతో వేరే ఫోల్డర్‌లో పెట్టి, రిజిస్టర్‌లో తేదీ రాసి పక్కన సంతకం తీసుకోండి.